గొడుగు మడత స్ట్రోలర్ ఆత్మకథ

గొడుగులా ముడుచుకునే పిల్లల స్ట్రోలర్ 1965లో ఇంగ్లండులో పుట్టింది. పుట్టినప్పుడు దాని బరువు ఆరు పౌండ్లు, అంటే సుమారు 2.7 కిలోలు. అల్యూమినియం గొట్టాలు, వాటి మధ్య వేలాడే చారల గుడ్డ, కింద చిన్న చక్రాలు, పైన వంకీ తిరిగిన రెండు పిడులు. దాని ఆస్తి అంతే. ఈ కథ చెప్పుకుంటున్నది ఆ స్ట్రోలరే. ఒక్క బండి అనుభవం కాదు, వంశం మొత్తానికి సంబంధించిన సంగతి కాబట్టి కథ ప్రథమ పురుషలో నడుస్తుంది.

దాన్ని రూపొందించినవాడు ఓవెన్ మాక్లారెన్. విమానాల చక్రాల అమరికలో ఆరితేరిన ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన స్పిట్‌ఫైర్ విమానపు అండర్‌క్యారేజ్‌లో ఆయన చెయ్యి ఉంది. మాస్కో నుంచి పసిబిడ్డతో విమానంలో వచ్చిన కూతురు, మొయ్యలేని ప్రామ్‌తో పడ్డ అవస్థ ఆయన కంటపడింది. ఎగిరాక చక్రాలు రెక్కల్లోకి ముడుచుకుపోయే యంత్రం మీద పనిచేసిన మనిషికి, పిల్లల బండిని ముడిచే ఉపాయం తోచడం వింతేమీ కాదు. 1965 జులైలో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1967లో నార్తాంప్టన్‌షైర్‌లోని బార్బీ అనే ఊళ్లో, గుర్రపుశాలల్లో తయారీ మొదలైంది. పదేళ్లు తిరిగేసరికి అమ్మకాలు లక్షల్లోకి చేరాయి. ఒక తల్లి ఫిర్యాదుతో పుట్టిన వస్తువు ఇది. ఆ తర్వాత తల్లిదండ్రులు దానికి పెట్టిన వంకలు ఇన్నీ అన్నీ కావు.

ఆ వంకలు అర్థం కావాలంటే పూర్వీకుల సంగతి కొంత తెలియాలి. వంశంలో పెద్దదిగా చెప్పుకునే బండిని 1733లో విలియం కెంట్ అనే వాస్తుశిల్పి మూడో డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం చేశాడు. గవ్వ ఆకారపు బండి. తోసేది కాదు, మేకో పొట్టి గుర్రమో లాగేది. మనుషులు వెనకనుంచి తోసే ప్రామ్‌లు వాడుకలోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దపు నడుమ. 1877లో లీడ్స్‌లో విలియం విల్సన్ స్థాపించిన సిల్వర్ క్రాస్ వంటి కంపెనీలు వాటికి స్ప్రింగులు, పెద్ద ఊచల చక్రాలు, తళతళలాడే రంగులు అమర్చాయి. అంత సుఖమైన సవారీ ఈ స్ట్రోలర్ ఏనాడూ ఇవ్వలేకపోయింది, ఆ మాట ఒప్పుకోవలసిందే. కాకపోతే ఆ ప్రామ్‌ని పార్కుకి తోసుకెళ్లేది జీతానికి కుదిరిన ఆయా. నిలబెట్టడానికి ఇంట్లో విశాలమైన హాలుండేది. దాన్ని మడవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. తల్లి ఒంటరిగా బిడ్డనెత్తుకుని బస్సూ, రైలూ, విమానమూ ఎక్కే కాలం వచ్చాకే మడత విలువ తెలిసింది.

మడత రహస్యం గుణకారపు గుర్తులా ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేసిన రెండు గొట్టాల్లో ఉంది. సీటు వెనకున్న అడ్డకమ్మీని కాలితో పైకి లేపితే బిగువు వదులుతుంది. పిడులు దగ్గరికొస్తాయి, నాలుగు చక్రాలూ ఒక్కచోట చేరతాయి, బండి చంకలో పట్టే కట్ట అవుతుంది. ఈ సదుపాయానికి మూల్యం మాత్రం పెద్దదే. గుడ్డ సీటు మధ్యలో కుంగుతుంది కాబట్టి మెడ నిలవని పసికందుకు పనికిరాదు. అందుకే చాలా గొడుగు మడత బండ్ల మీద ఆరు నెలలు నిండిన పిల్లలకే అని రాసి ఉంటుంది. పుట్టిన నాటినుంచీ పనికొచ్చేలా వెన్ను వాల్చి పడుకోబెట్టే సీటు కావాలన్నది తల్లుల మొదటి కోరిక. అలాంటి సీటు పెడితే చట్రం బరువెక్కుతుంది, మడత లావవుతుంది.

రెండో నష్టం మరీ అన్యాయం. ఈ బండిలో బిడ్డ ముఖం రోడ్డుకే ఉంటుంది, తోసేవాళ్లకు కనిపించదు. సీటును ఎటు కావాలంటే అటు తిప్పుకునే ఏర్పాటు కొత్తదేమీ కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో విలియం రిచర్డ్‌సన్ అనే నల్లజాతి ఆవిష్కర్త 1889లోనే దానికి పేటెంటు పొందాడు. అడ్డగొట్టాల మడతలో ఆ సౌకర్యం ఇమడక జారిపోయింది. 2008లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు దారిన పోయే స్ట్రోలర్లను గమనించి ఒక సంగతి తేల్చారు. బిడ్డ తమవైపు కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు బిడ్డతో మాట్లాడటం రెట్టింపుకు పైగా కనిపించింది. ఆరేడు నెలల బిడ్డకు ఎదురుగా అమ్మ ముఖం ఉండాలని ఏ అమ్మమ్మయినా పరిశోధన లేకుండానే చెబుతుంది. ఏడాది దాటి, కుక్కనీ బస్సునీ చూపిస్తూ కేరింతలు కొట్టే వయసులో మాత్రం రోడ్డుకేసి చూపే సీటే పిల్లలకు నచ్చుతుంది. తిరిగే సీటు అడిగేవాళ్లు రెండు వయసులకూ కలిపి అడుగుతున్నారు.

ఇక రోజువారీ ఫిర్యాదులు. పిడులు రెండూ విడివిడిగా ఉండటంతో బండిని ఒంటి చేత్తో తోస్తే పక్కకు లాగేస్తుంది. రెండో చేతిలో ఫోనో, గొడుగో, నడవగలిగిన పెద్దపిల్ల వేళ్లో ఉంటాయి గదా! రెండు పిడులనూ కలిపే ఒకే కమ్మీ కావాలని అందుకే అడుగుతారు. కమ్మీ పెడితే గొడుగు మడత కుదరదు. పొడుగాటి తండ్రులది ఇంకో బాధ. పిడి ఎత్తు చాలక వంగి తోస్తారు, అడుగు వేసినప్పుడల్లా కాలివేళ్లు వెనక ఇరుసుకు తగులుతాయి. ఎత్తు పెంచుకునే పిడులు వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది.

పిడికి సంచి తగిలించడం తయారీదారులందరూ వద్దనే పని, కొన్నవాళ్లందరూ చేసే పని. సీట్లో బిడ్డ ఉన్నంతసేపూ బరువు ముందుకు ఉండి బండి నిలుస్తుంది. బిడ్డను ఎత్తుకోగానే కూరగాయల సంచి వెనక్కి లాగి బండి వెల్లకిలా పడుతుంది. టమాటాలు నేలపాలు. సీటు కింద పెద్ద బుట్ట ఉంటే ఎవరూ పిడికి తగిలించరు. తేలిక చట్రం కింద బుట్టకు మిగిలే చోటు మాత్రం డైపర్ల కట్ట ఒక్కటి పట్టేంతే.

బ్రేకును కాలితో తొక్కితే పడుతుంది, విడిపించాలంటే కాలివేళ్లతో పైకి ఎత్తాలి. దీన్ని గీసినవాళ్లు కాళ్లకు బూట్లు వేసుకునే జనం. చెప్పులేసుకున్న తల్లికి ఆ మీట బొటనవేలి గోటికింద దిగబడుతుంది. ఈ ఫిర్యాదు ఎండదేశాలన్నిటిదీ. ఇప్పుడు కొన్ని రకాల్లో పట్టడానికీ విడవడానికీ కిందికే తొక్కేలా బ్రేకు మార్చారు. వంశంలో జరిగిన మంచి మార్పుల్లో ఇదొకటి, ప్రకటనల్లో దీని ఊసు తక్కువ.

బెల్టు బకిల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. భుజాల మీదనుంచి రెండు, నడుం పక్కనుంచి రెండు, కాళ్ల మధ్యనుంచి ఒకటి, మొత్తం ఐదు పట్టీలు పొట్ట దగ్గర కలుస్తాయి. రెండు నాలుకలను ఒకదానిమీద ఒకటి సర్ది బకిల్‌లోకి తోస్తే టక్కుమంటుంది. పిల్లలు విప్పుకోకూడదని మధ్య బొత్తాన్ని గట్టిగా చేస్తారు. ఆ గట్టితనం అమ్మమ్మ బొటనవేలికీ లొంగదు. తెలుగిళ్లలో ఇంకో తంటా ఉంది. అపార్టుమెంటు వరండాలో స్ట్రోలర్‌ని అటూ ఇటూ తిప్పుతూ అన్నం తినిపించడం ఇక్కడి అలవాటు. బయటికి వెళ్లడం తక్కువైన ఇంట్లో ఈ బండికి ఉన్న ముఖ్య ఉద్యోగం అదే. పెరుగన్నం మెతుకొకటి బకిల్ గాడిలోకి జారి ఎండిపోతే, నాలుక చివరిదాకా వెళ్లదు, టక్కుమని పడదు. పిన్నీసుతో గీకాలి. విడదీసి కడుక్కునే బకిల్, ఊడదీసి ఉతుక్కునే సీటు గుడ్డ కావాలని అడిగేవాళ్ల మాట నూటికి నూరుపాళ్లు న్యాయం. ఊడదీసే గుడ్డ ఉన్న బండ్లలో కూడా తిరిగి తొడగడానికి ఇద్దరు మనుషులు కావాలన్నది వేరే సంగతి.

నీడ గొడుగు చాలదన్నది ఎక్కడైనా వినపడే మాట. నెత్తిమీద అరచేతంత ఉండే గుడ్డ ఎండ వాలగానే పనికిరాదు. దాంతో తల్లులు తువ్వాలో చున్నీయో పైనుంచి కిందికి కప్పేస్తారు. అది చెయ్యకూడని పని. పల్చటి గుడ్డయినా గాలి ఆడనివ్వదు, లోపల వేడి పేరుకుంటుంది, బిడ్డ ముఖం కనబడదు. శిశు ఆరోగ్య సంస్థలు దీన్ని గట్టిగా హెచ్చరిస్తున్నాయి. పక్కలనుంచి గాలి వచ్చే జాలీతో, కిందిదాకా సాగే గొడుగు ఉంటే గుడ్డ కప్పే అవసరమే రాదు.

ఈ వంశానికి పడ్డ పెద్ద మచ్చ 2009 నవంబరు నాటిది. అమెరికాలో దాదాపు 10 లక్షల గొడుగు మడత బండ్లను రీకాల్ చేశారు. బండిని విప్పుతున్నప్పుడు పక్క కీలులో పిల్లల వేళ్లు నలిగి, కొసలు తెగిన ఘటనలు 12 నమోదయ్యాయి. విరుగుడుగా ఇచ్చింది కీలు మీద తొడిగే చిన్న గుడ్డ. మడత సుళువు ఎంతగా పొగిడినా, ఆ కీలు మొదటినుంచీ అక్కడే ఉంది.

బరువూ పరిమాణమూ అన్న పోటీలో ఈ స్ట్రోలర్‌కు చుట్టాలు చాలామందే పుట్టారు. 1984లో అమెరికాలో ఫిల్ బేక్లర్ పరుగెత్తేవాళ్ల కోసం పెద్ద సైకిలు చక్రాల మూడు చక్రాల బండి చేశాడు. గతుకుల్ని లెక్కచెయ్యదు, కారు డిక్కీలో పట్టదు. 1999లో నెదర్లాండ్స్‌నుంచి బుగాబూ వచ్చింది. రెండువైపులా తిరిగే సీటు, ఇసుకలోనూ నడిచే చక్రాలు, జేబు ఖాళీ చేసే ధర. 2012లో ఫ్రాన్స్‌లో వచ్చిన యోయో మడిస్తే 52×44×18 సెంటీమీటర్లు, విమానం క్యాబిన్‌లో తలమీది అరలో పట్టేంత. దాని బరువు సుమారు ఆరు కిలోలు, 1967 నాటి బండికి రెట్టింపు పైమాటే. చిన్నగా ముడవడం వేరు, తేలికగా ఉండటం వేరు. మెట్లెక్కే తల్లికి రెండోదే కావాలి, విమానమెక్కే తండ్రికి మొదటిది.

కొన్ని ఫిర్యాదులు బండి మీద పడతాయి గానీ నిజానికి రోడ్డువి. ఐదంగుళాల ముందు చక్రం ఫుట్‌పాత్ రాయి పగులులో ఇరుక్కుంటే బిడ్డ ముందుకు తూలుతుంది. చక్రం పెంచమంటారు. భారత రోడ్ల కాంగ్రెస్ మార్గదర్శకాల్లో ఫుట్‌పాత్‌కు 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు, 150 మిల్లీమీటర్లు మించని అంచు ఎత్తు ఉండాలని రాసి ఉంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఆ వెడల్పులో ట్రాన్స్‌ఫార్మరు, బజ్జీల బండి, పార్కు చేసిన స్కూటర్లు ఉంటాయి. స్ట్రోలర్ రోడ్డు మీదికి దిగుతుంది, లేదా ఇంట్లోనే ఉండిపోతుంది. మాల్, గేటెడ్ కమ్యూనిటీ, ఎయిర్‌పోర్టు దాటి అది కనిపించకపోవడానికి కారణం అభిరుచి కాదు. ఆర్టీసీ బస్సు మెట్ల దగ్గర బిడ్డ ఒక చంకలో, సంచి భుజానికి ఉన్న తల్లికి, ముడిచిన బండిని పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు.

కాన్పుకి సాయంగా అమెరికా వెళ్లిన అమ్మమ్మలు అదే బండిని ప్రతి సాయంత్రం తోసుకెళ్తారు. కూడళ్ల దగ్గర ఫుట్‌పాత్ అంచులు వాలుగా దిగి ఉంటాయి. ఆ వాలు స్ట్రోలర్ల కోసం వేసింది కాదు. వికలాంగులు ఏళ్ల తరబడి పోరాడితే, 1990 నాటి వికలాంగుల చట్టంతో దేశమంతా తప్పనిసరి అయింది. ఇంకొకరి పోరాట ఫలితాన్ని ఈ వంశం ఉచితంగా అనుభవిస్తోంది, ఒక్కోసారి వాళ్ల చోటూ ఆక్రమిస్తోంది. 2012లో ఇంగ్లండులో వెదర్బీ నుంచి లీడ్స్ వెళ్లే బస్సులో వీల్‌చైర్ చోటులో స్ట్రోలర్ ఉంది, అందులో బిడ్డ నిద్రపోతోంది. డ్రైవర్ అడిగితే, ఈ రకం బండి ముడవదని తల్లి చెప్పింది. వీల్‌చైర్ ప్రయాణికుడికి బస్సు ఎక్కే వీలు లేకపోయింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డ్రైవర్ ఒక్కసారి అడిగి ఊరుకుంటే చాలదని 2017 జనవరిలో తీర్పు వచ్చింది. తల్లిని బలవంతంగా దించెయ్యాలని మాత్రం కోర్టు చెప్పలేదు. నిద్రపోతున్న బిడ్డను లేపకుండా సన్నగా కుదించుకునే బండి ఎవరూ ఇంకా చెయ్యలేదు. తల్లిదండ్రుల కోరికల్లో కష్టమైనది బహుశా ఇదే.

ఇక మిగిలింది ఆయుష్షు. ఐరోపా ప్రమాణం ఒకప్పుడు 15 కిలోల బిడ్డదాకానే లెక్కవేసేది, 2018లో 22 కిలోలకు ఏర్పాటు చేసింది. నాలుగేళ్ల పిల్లల్ని కూడా కూర్చోబెడుతున్నారన్నమాట. బండి ఒక బిడ్డతో ఆగదు, తమ్ముడికో, పిన్ని కూతురికో, పక్కింటివాళ్లకో చేరుతుంది. చట్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. పోయేది చక్రం రబ్బరు, బకిల్, చినిగిన పట్టీ. ఇవి విడిగా దొరకాలన్నది వాడిన బండి చేతికొచ్చినవాళ్ల కోరిక. ఖరీదైన రకాలకు కొన్ని కంపెనీలు విడిభాగాలు అమ్ముతున్నాయి. చౌక రకాల్లో ముందు చక్రం ఒకటి ఊడితే సైకిలు షాపువాడు ఏదో ఒకటి బిగించి పంపుతాడు, అది కుదరకపోతే బండి అటకెక్కుతుంది.