మోకాటి సుత్తి ఆత్మకథ

ఈ సుత్తితో మేకు దిగదు. సన్నటి ఉక్కు కాడ, కొసన మూడుమూలల రబ్బరు ముక్క, అంతే దీని ఒళ్లు. తన కథ తానే చెప్పుకుంటున్నా ‘నేను’ అనే అలవాటు దీనికి లేదు. బతుకంతా మనుషుల కాళ్ల దగ్గరే గడిచింది, చెప్పేదీ వాటి గురించే.

1875లో జర్మనీ వైద్యులు విల్హెల్మ్ ఎర్బ్, కార్ల్ వెస్ట్‌ఫాల్ ఎవరికి వారే ఒక సంగతి రాశారు: మోకాటి చిప్ప కింద తడితే కాలు దానంతటదే ముందుకు ఎగురుతుందని. 1888లో ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ మాడిసన్ టేలర్ ఈ మూడుమూలల రూపమిచ్చాడు. మన ఊళ్ల ఆసుపత్రి బల్లల మీదా ఆ వంశానివి కనిపిస్తాయి.

లిగమెంటు తెగితే దీనికి పెద్దగా పని ఉండదు. కబడ్డీ కోర్టులో కాలు నేలకు ఆని, ఒళ్లు పక్కకు తిరిగి, లోపల ‘టప్’మన్న కుర్రాడు కుంటుతూ వస్తాడు. కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బిపోతుంది. డాక్టరు సుత్తిని పక్కన పెట్టి మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో మోకాటి కింది కాలి పైభాగాన్ని ముందుకు లాగుతాడు. మోకాటి లోపలి ముందువైపు లిగమెంటు బాగుంటే ఎముక గట్టిగా ఆగుతుంది. తెగితే ఆ ఆగడం ఉండదు, మెత్తగా జారుతుంది. రెండో కాలితో పోల్చాకే మాట చెబుతాడు.

నరం దెబ్బ అలా కాదు. అది చాలాసార్లు నొప్పి లేకుండానే వస్తుంది, అందుకే ఈ సుత్తికి దాని మీదే దిగులెక్కువ. వేరుశెనగ చేలో పొద్దస్తమానం గొంతుక్కూర్చుని కలుపు తీసే ఒకామె వచ్చింది.

“చెప్పు ఊడిపోతన్నా తెలవట్లేదు సారూ. నొప్పేం లేదు.”

“పాదం పైకెత్తమ్మా.”

లేవలేదు. సుత్తి మోకాటి కింద తట్టింది, కాలు ఎగిరింది. మడమ పైన తట్టింది, పాదం కిందికి కదిలింది. రెండూ సరిగానే ఉన్నాయి, కానీ అదొక్కటే చాలదు. పాదాన్ని లోపలికి తిప్పమంటే బలంగా తిప్పింది. నడుం దగ్గర ఐదో నరం నొక్కుకుపోతే ఈ బలం కూడా తగ్గుతుంది. కాబట్టి తేడా నడుములో కాదు, మోకాటికి బయటివైపు, కాలి రెండు ఎముకల్లో చిన్నదాని మెడను చుట్టుకుని చర్మం కిందే వెళ్లే నరంలో. అక్కడ తడితే పాదం పైకి జివ్వుమంది. డాక్టరు ఆ నరాన్ని వేలితో తడిమి మందంగా ఉందా, ఒంటి మీద స్పర్శ లేని మచ్చలున్నాయా అనీ చూశాడు. కుష్ఠు ఇష్టపడే చోట్లలో అదొకటి మరి.

బిగుతైన సిమెంటు కట్టు నొక్కేదీ ఆ నరాన్నే. మోకాలు పూర్తిగా తొలగిపోయిన ప్రమాదాల్లో లిగమెంట్లతో పాటు అదీ సాగిపోతుంది. వెనకున్న రక్తనాళం కూడా చిట్లవచ్చు కనుక అప్పుడు ముందు చూడాల్సింది పాదం మీద నాడి.

స్కానింగు అవసరమే. కానీ ఎక్కడ తీయించాలో చెప్పేది ఈ పరీక్షే. చెప్పు తెలియకుండా జారుతున్నా, బొటనవేలు పైకి లేవకపోయినా నొప్పి లేదు కదా అని ఆగకండి, ఆ వారంలోనే చూపించుకోండి. కట్టు వేశాక వేళ్లు మొద్దుబారినా, నొప్పి భరించలేనంత పెరిగినా ఆ పూటే వెళ్లండి.