గోటికి ఇన్ని హంగులా?

మా రోజుల్లో గోళ్లకు రంగు కావాలంటే పెరట్లో గోరింట కొమ్మ వంచేవాళ్లం. ఇప్పటి పిల్లలు ఫోను తెరుస్తున్నారు, రెండోరోజుకల్లా గుమ్మంలో అట్టపెట్టె దిగుతోంది. మా మనవరాలు తెప్పించిన పెట్టె విప్పితే మంచం నిండిపోయింది. జెల్ రంగుల సీసాలు, యూవీ దీపం, గిర్రున తిరిగే అరగదీత మిషను, చుక్కలు పెట్టే పుల్లలు, వెంట్రుకంత బ్రష్షులు, ప్లాస్టిక్ గోళ్లు, వాటికి జిగురు, మెరుపుల పొడి! అంత పెట్టెలో గోళ్లు తీసుకునే కటర్ మాత్రం లేదు. గోరే సరిగ్గా లేకపోతే దానిమీద ఈ అలంకారమంతా ఎందుకు?

ఆషాఢం వచ్చినా, అట్లతద్ది ముందురోజైనా మా గోదావరి పక్క ఇళ్లలో రోలు ఖాళీగా ఉండేది కాదు. ఆకు దూసి, పుల్లలు ఏరేసి, కాస్త చింతపండు, వక్క వేసి మెత్తగా రుబ్బేవారు. పులుపు తగిలితే ఆకులోని రంగు బాగా దిగుతుంది. ఆ రంగును లాసోన్ అంటారని నేను చాలా ఏళ్లకు చదివాను గానీ, రోటి ముందు కూర్చున్న మా మేనత్తకు పులుపు సంగతి ఎప్పుడో తెలుసు. రుబ్బిన ఆవిడ చేయి అందరికంటే ముందే పండేది. వేళ్లకు టోపీలు, అరచేతిలో చందమామ, చుట్టూ చీపురుపుల్లతో చుక్కలు. రెండు చేతులూ కట్టేసినట్టే కనక పెద్దవాళ్లే అన్నం కలిపి నోట్లో పెట్టేవారు. తెల్లారి ఎండిన ముద్ద రాల్చి, కొబ్బరినూనె రాసుకుని, ఎవరిది ఎర్రగా పండిందో వీధంతా చూపించుకునేవాళ్లం. అరచేతి రంగు కొద్దిరోజుల్లో వెలిసిపోయేది. గోటి మీదది మాత్రం గోరు పెరిగి కత్తెరకు అందేదాకా అంటిపెట్టుకునేది. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది మరి.

సీసా రంగు వద్దని నేననను. లాక్మే 1952లోనే వచ్చింది. మా ఇంట్లో అక్కచెల్లెళ్లందరికీ కలిపి ఒక్కటే సీసా ఉండేది. పువ్వు కావాలంటే గుండుసూది తలతో చుట్టూ ఐదు చుక్కలు, నడుమ ఇంకో రంగు చుక్క. సన్నగీతకు చెక్కిన అగ్గిపుల్ల. ఒక పూత ఆరాకే రెండోది వేయాలి, అంతసేపూ కదలకుండా కూర్చోవాలి.

ఆ కూర్చోవడమే ఇప్పుడు కరువైంది. జెల్ గాలికి ఆరదు, దీపం కింద గట్టిపడాలి. సరిగ్గా గట్టిపడని జెల్ పదేపదే చర్మానికి అంటితే కొందరికి దురద, పొక్కులు వస్తాయి. ఆ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే మామూలుగా వదలదు. అదే జాతి పదార్థాలు పంటి వైద్యంలోనూ వాడతారు కనక రేపు అక్కడా తిప్పలే. జెల్ గట్టిపడడానికి కలిపే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. ఇక్కడ స్కూలు పిల్లలు సీసా మీద ఏం రాసుందో కూడా చదవకుండా పూసుకుంటున్నారు. ఇక విసుగొస్తే ఆ పొరను గోటితో పెరికేస్తారు. దాంతో గోటి పైపొరలూ లేచి, గోరు కాగితంలా పలచనవుతుంది. అసిటోన్‌లో తడిపిన దూది పెట్టి పావుగంట ఓపిక పడితే అదే మెత్తబడుతుంది కదా!

గోరింటాకునూ వదల్లేదు ఈ తొందర. నిమిషాల్లో నల్లగా పండే కోన్లట! గోరింటకు నలుపు లేదు. అలాంటి కోన్లలో జుట్టురంగులో వాడే పీపీడీ కలుపుతుంటారు, చేతులు బొబ్బలెక్కుతాయి.

మనవరాల్ని కూర్చోబెట్టి చెప్పాను. ముందు కటర్, గోరు నున్నగా చేసే ఫైలు కొనుక్కో. ఫైలును రంపంలా అటూ ఇటూ లాగకు, ఒకవైపే రాయి. గోటి మొదట్లో చర్మాన్ని కత్తిరించకు, క్రిములు లోపలికి పోకుండా కాసేది అదే. ముదురు రంగు కింద బేస్ కోట్ వేయకపోతే గోరు పసుపు తిరుగుతుంది. పైన టాప్ కోట్, ఒకటి రెండు రంగులు, రిమూవరు, దూది. చుక్కలకు నా గుండుసూదుల డబ్బా ఉంది.

"మరి కుడిచేతికి ఎలా అమ్మమ్మా? ఎడంచేత్తో వేస్తే వంకరపోతోంది," అంది. తలుపేసుకుని ఒక్కత్తీ వేసుకుంటే వంకరపోక ఏమవుతుంది? మాకు ఎవరి చేయి వాళ్లే పూసుకోవడం తెలీదు. తల్లి వంటింట్లోనే ఉంది, నేను వసారాలోనే ఉన్నాను, పిలిస్తే రామా? ఎడంచేయి నువ్వు వేసుకో, కుడిచేయి ఇలా తే అన్నాను.