‘ఒక్క చేతి బండి’ పద్యానికి టీకా తాత్పర్యం

పాత కారు కొనబోయేవాడికి ముందుగా చెప్పవలసిన పద్యమిది. ఛందస్సు ఆటవెలది. కర్త అంబాసిడర్‌తో మొదలుపెట్టి, ఆ తర్వాత వచ్చిన కార్లన్నిటి స్టీరింగూ పట్టిన ట్యాక్సీ డ్రైవరు. రచనాస్థలం విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ షెడ్డు.

ఒక్క చేతి బండి యొక్కటే మాటండి
మీటరసలు ముట్ట, మీకు తెలుసు
గుంతలన్ని బండి గుర్తుంచుకొనునండి
కొన్నవాడు తుదకు గుర్తుపట్టు

ప్రతిపదార్థం: ఒక్క చేతి బండి = ఒకే యజమాని వాడిన కారు; ఒక్కటే మాట = బేరం లేదు (అనగా బేరం ఇప్పుడే మొదలైంది); అండి = బయానా చేతిలో పడేదాకా ఉండే మర్యాద; మీటరు = తిరిగిన కిలోమీటర్ల లెక్క; అసలు ముట్ట = ఏమాత్రమూ తాకను; మీకు తెలుసు = కొనేవాడికి తెలిసే వీలు లేదు; గుంతలన్ని = దిగిన ప్రతి గుంతనూ; తుదకు = డబ్బు పూర్తిగా ముట్టిన తర్వాత; గుర్తుపట్టు = గుర్తుపట్టును.

తాత్పర్యం: అమ్మేవాడు నోటితో ఒక చరిత్ర చెబుతాడు, బండి తన ఒంటితో మరొకటి చెబుతుంది. రెండోది వినడం నేర్చినవాడు డ్రైవరు.

పూర్వార్ధం డీలరు వాక్కు, ఉత్తరార్ధం డ్రైవరు వాక్కు. ఇద్దరి మధ్యా నిలబడ్డ కొనుగోలుదారుకు పద్యంలో ఒక్క మాట కూడా దక్కలేదు. బేరంలోనూ అంతే.

మూలంలో లేనిది రాయనన్న కాళిదాస వ్యాఖ్యాత మల్లినాథసూరిది మెదక్ సీమలోని కొల్చారం. ఆ నియమం కాళిదాసుకు చెల్లుతుంది. పాత కారు విషయంలో మూలమంటే ఆర్‌సీ, అసలు కథంతా ఆర్‌సీలో రాయనిదే. ‘ఒక్క చేతి’ అన్న సమాసమే ఇందుకు సాక్ష్యం. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం బండి అదే రాష్ట్రంలో చేతులు మారితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. దానికి ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. వాడుకలో జరిగేది వేరు. అమ్మినవాడు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తాడు. ఆ కాగితాలతోపాటు బండి ఒక డీలరు నుంచి మరో డీలరుకు, అక్కడినుంచి ఒక బావమరిదికి, మళ్ళీ డీలరుకు తిరుగుతుంది. నలుగురు తొక్కినా ఆర్‌సీలో ఒక్కడే ఓనరు. కాబట్టి డీలరు మాట అబద్ధం కాదు, సర్టిఫైడ్ కాపీ. మధ్యలో ఎక్కడైనా ప్రమాదం జరిగితే ఎప్పుడో అమ్మేసి మరచిపోయిన ఆ మొదటి పెద్దమనిషికే నోటీసు వెళుతుంది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఆ మొదటి పెద్దమనిషి ఎవరన్న ప్రశ్నకు డీలర్ల సంప్రదాయంలో జవాబు ఎప్పుడూ ఒకటే: డాక్టరుగారు. ఇంటికీ ఆస్పత్రికీ తప్ప బండి తీయలేదు. రాష్ట్రంలో అమ్ముడైన పాత కార్లను బట్టి లెక్కవేస్తే రోగులకన్నా డాక్టర్లే ఎక్కువ తేలతారు.

‘మీటరసలు ముట్ట’. ఇక్కడ ‘ముట్ట’ అన్నది ‘ముట్టను’ అన్నదానికి కావ్యరూపం. అయితే అన్వయం జాగ్రత్తగా చేయాలి. డీలరు నిజంగానే ముట్టడు. ముట్టేవాడు వేరే ఉంటాడు. చాలా పాత కార్ల మీటర్లలో ఐదంకెలే ఉండేవి. 99,999 దాటగానే సున్నాలు వచ్చి బండికి పునర్జన్మ కలిగేది. అది కాలధర్మం, ఎవరి పాపమూ కాదు. డిజిటల్ మీటరు వచ్చాక పునర్జన్మకు లాప్‌టాప్ కావలసి వచ్చింది. అందుకే డ్రైవరు మీటరు వైపు చూడనే చూడడు. “రబ్బరు చూడండి బాబూ, అంకెలు కాదు” అంటాడు. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగు మెరుస్తూ, మీటరు మాత్రం ముప్పై వేలు చూపిస్తే ఆ డాక్టరుగారు రోగుల్ని ఇంటింటికీ దింపేవారన్నమాట. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు కూడా చదవాలి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైంది. 2022 బండికి 2019 టైరు ఉంటే దాని పూర్వాశ్రమం అడగవలసిందే.

‘గుంతలన్ని బండి గుర్తుంచుకొనునండి’. జడపదార్థానికి జ్ఞాపకం ఎలా అని శంక. బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లే దాని జ్ఞాపకశక్తి. మరచిపోవడానికి వాటికి అవకాశం లేదు, మార్చడానికి ఓనరుకు మనసు లేదు. స్పీడ్ బ్రేకరు మీద ‘టక్’ మన్నది ఒకసారైతే బుష్, రెండుసార్లైతే బాల్ జాయింటు, ఆగకుండా మోగితే బేరం మానుకోవడం అని సంప్రదాయం. (బండి చూపించేటప్పుడు డీలరు పాటలు పెట్టడం ఇందుకే.) ఇక అంబాసిడర్ సంగతి వేరు. 1950ల చివరి నుంచి 2014 దాకా ఉత్తరపారాలో తయారైన ఆ బండికి వెనక పట్టీల స్ప్రింగులు. దాని కింద గుంతే సర్దుకునేదని డ్రైవర్ల విశ్వాసం. ఈ భాగంలో పద్యకర్త పక్షపాతం స్పష్టం. పవర్ స్టీరింగు లేని రోజుల్లో ఆ బండిని తిప్పిన భుజాలు వేరే అభిప్రాయం చెబుతాయి.

మరొక శంక: హైదరాబాదు నుంచి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడుచోట్లా టోలు కట్టి వచ్చిన బండికి గుంతలెక్కడివి? సమాధానం: టోలు 65వ నంబరు హైవేకే. (నంబర్లు మారి చాలా కాలమైనా డ్రైవరు దాన్ని తొమ్మిదో నంబరనే అంటాడు.) హైవే దిగి ఇంటిముందు ఆపేదాకా ఉన్న రోడ్డు ఉచితం, బండి అరిగేది అక్కడే.

‘గుంత’ అన్నది ఉపలక్షణం; నీళ్ళనూ చేర్చి చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు మనుషులతోపాటు కార్లూ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. మునిగిన బండికి పాలిష్ పెట్టవచ్చు, సెంటు కొట్టవచ్చు. డ్రైవరు సీటుబెల్టును చివరిదాకా లాగి చూస్తాడు. లోపలి మడతలో బురద గీత కనిపిస్తే, బండి నీళ్ళలో ఎంత లోతు దిగిందో మరి అడగనక్కర లేదు.

‘గుర్తుపట్టు’ అన్న క్రియకు కర్మ లేదు. కొన్నవాడు ఏమి గుర్తుపడతాడు? మెకానిక్కుల మతంలో, మొదటి బిల్లు చూసి బండిని గుర్తుపడతాడు. ఫైనాన్సువాళ్ళ మతంలో, ఆర్‌సీ మీద ఇంకా తీరని పాత అప్పును గుర్తుపడతాడు. పద్యకర్త మతంలో, కొనేముందు వెంట తీసుకురావలసిన డ్రైవరును గుర్తుపడతాడు. చివరిది సొంత వృత్తి మీద ప్రీతితో చెప్పినదైనా అన్వయానికి అదే సుకరం.

పాఠాంతరం: నిజాయితీ కలిగిన ఒక డీలరు మొదటి పాదాన్ని ‘నాల్గు చేతి బండి’ అని దిద్దాడంటారు. గణాలు సరిపోతాయి గానీ ‘నా’కూ ‘యొ’కూ యతి కుదరదు. ‘రెండు’, ‘మూడు’ అన్నా అదే దోషం. ఆ స్థానంలో ఛందస్సుకు నిలిచేది ‘ఒక్క’ మాత్రమే కనుక డీలర్ల పాఠాన్నే ఉంచడమైనది.