కృష్ణకవచధారి

ఇటీవల మన నగరములలో వర్ధిల్లుచున్న మానవకోటిలో, మణికట్టునకు నల్లని ఉక్కు గడియారమును ధరించి, ఆ నలుపునకు దిష్టి తగులకుండ అహర్నిశలు కాపు గాయుచుండెడి కృష్ణకవచధారిది మిక్కిలి విశిష్టమైన జాతి. బంగారు గడియారము కట్టినవాడు తన సంపదను లోకమునకు చూపగోరును. తెల్లని ఉక్కు కట్టినవాడు వేళ చూచుకొనగోరును. ఈయన మాత్రము తనకు ఆడంబరము బొత్తిగా గిట్టదను సంగతిని పదిమందికి చాటగోరును.

ఆయనతో పరిచయమైన అర్ధగంటలో ఈ నలుపు వంశచరిత్ర యంతయు మీకు కరతలామలకము కాక తప్పదు. 1972లో ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షె అను రూపశిల్పి, కారులోని కొలతపలకలు వెలుతురునకు మెరయకుండుటకై నల్లగా నుండుటను మనసున నుంచుకొని, ఆపాదమస్తకము నల్లనైన క్రోనోగ్రాఫ్ 1ను కల్పించెననియు, దానిని స్విట్జర్లాండులోని ఓర్ఫినా సంస్థ తయారుచేసెననియు, సొంత తాతగారి ఘనతను చెప్పుకొను ఫక్కీలో చెప్పును. గాలి తోడివేసిన పేటికలో లోహమును ఆవిరిగావించి దానిని ఉక్కుమీద పేరునట్లు చేయుటయే పి.వి.డి. యనియు, అందు వజ్రమునకు చుట్టమైన కర్బనపు పూత డి.ఎల్.సి. యనియు, ఉక్కు కాఠిన్యము వికర్సు మానమున సుమారు 200 ఉండగా ఈ పూతది వేయికి పైబడుననియు, ఇంత ప్రతాపమును రెండు మూడు మైక్రానుల మందమున ఇమిడియున్నదనియు చెప్పుచు చెప్పుచు, ఆయన కంఠము హఠాత్తుగా గద్గదమగును.

ఏలయన, ఆ గడియారమునకు ఒక మచ్చ కలదు. పూత గట్టిదే, దానిని మోయుచున్న ఉక్కు మెత్తనిది. ఒకనాడు గేటు గొళ్లెము తగిలి, చైను తగులుకొను కొమ్ముకొస సొట్టపడగా, పైనున్న పొర వంగనేరక పెళ్లున విరిగి, నువ్వుగింజంత తెలుపు బయటపడినది. దానిని తమంతట చూచినవారు లోకమున లేరు. చూపినవాడు మాత్రము ఒక్కడు కలడు.

“ఇదిగో, ఇక్కడ తెల్లగా కనిపిస్తోందా?”

“ఎక్కడండీ?”

“అలా కాదు, కిటికీ దగ్గరికి రండి. కళ్లజోడు పెట్టుకుని చూడండి.”

“ఆ, అవునండీ, ఏదో ఉన్నట్టుంది.”

“చూశారా! వచ్చిన ప్రతివాడి కన్నూ దానిమీదే!”

పదవీవిరమణకు చేరువైన ఆ పెద్దమనిషి ఆ మచ్చకు చేయని చికిత్స లేదు. మొదట మార్కరు పెన్నుతో రుద్దెను. అది నీడలో నల్లగానుండి, ఎండలో వంగపండు నిగ్గు తేలి, సాయంకాలమునకు చొక్కా చేతిమీదికి కాపురము మార్చినది. పిదప గోళ్లరంగు పూసెను. మూడవనాటికది పెచ్చుగా లేచినది. ఒకనాటి ఉదయమున “ఏమండీ, నా కాటుక భరిణె ఏమైంది?” అని వంటింటినుండి ప్రశ్న వినవచ్చినప్పుడు, ఆయన వార్తాపత్రికను ముఖమునకు మరికొంత దగ్గరగా జరుపుకొనెను.

అటుపిమ్మట తుపాకి గొట్టములను నల్లబరచెడి సెలీనియపు ద్రావకమును సంపాదించెను. అది మామూలు ఇనుమును క్షణములో నల్లబరచును. కాని స్టెయిన్‌లెస్ ఉక్కు కర్ణునివలె సహజకవచముతో పుట్టినది. దానిలోని క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కూడి కంటికానని పొరగా నేర్పడి, గోకినచోట మరల తానే అల్లుకొనును. అట్టి కవచమును ఒలిపించుటకు ఇంద్రుడే యాచకుడై రావలెను గాని, సీసాలోని ద్రావకమువలన నగునా? ఉక్కు చెక్కుచెదరలేదు, ఆయన బొటనవ్రేలు మాత్రము వారముదినములు నల్లగానుండెను.

తుదకు ఆబిడ్సు ప్రాంతమున ఒక వృద్ధ గడియారపు మేస్త్రీని ఆశ్రయించెను. అతడు కంటికి భూతద్దము బిగించి, కొమ్మును అటునిటు త్రిప్పిచూచి, తీర్పు చెప్పెను.

“సార్, మచ్చ ఒక్కదానికీ మందు లేదు. మిషను, అద్దం, కీ, గ్యాస్కెట్లు అన్నీ విప్పి వట్టి కేసు పంపాలి. పాత పూతంతా గీకించి, సొట్ట సరిచేయించి, అప్పుడు కొత్త పూత.”

“సొట్ట ఉంటే ఏం? పూత కప్పేయదూ?”

“పూత గీతను పూడ్చదు సార్. గీతకి కూడా పూత పూస్తుంది.”

ఇంతకంటె క్లుప్తముగా ఈ శాస్త్రసారమును చెప్పినవారిని నేనెరుగను. రెండు మైక్రానుల పొరకు క్రిందనున్న నేల యెట్లుండునో తానట్లే యుండుట తప్ప వేరుగతి లేదు. సొట్ట పోవుటకై హద్దుమీరి అరగదీసినచో కొమ్ముల అంచుపదును పోయి, గడియారము చప్పరించిన బిళ్లవలె నగును. అంతకంటె చవుకగా, సెరాకోట్ అను పింగాణి కలిపిన రంగును చల్లి పొయ్యిలో కాల్చు పద్ధతి కలదనియు, అయితే అది పాతిక మైక్రానుల దళసరి గనుక మరలచుట్లను మూసి చల్లనిచో వెనుకమూత బిగియదనియు మేస్త్రీ సెలవిచ్చెను. “రంగా!” అని కృష్ణకవచధారి లేచి నిలుచుండిన తీరుచూచి, దుకాణములోని తక్కినవారు ఎవరో ఎవరినో తిట్టిరనుకొనిరి.

ఎట్టకేలకు కేసు శూన్యపేటికలో స్నానముచేసి, నిశ్ఛిద్రమైన నలుపుతో తిరిగివచ్చినది. ఆయన దానిని అరచేత నుంచుకొని చూచెను, మురిసెను, పాత చైనును తగిలించెను. తగిలించినంతనే ముఖము వాడినది. కొత్త నలుపు ప్రక్కన పాత నలుపు, నలుపు కాక బూడిదయైనది. నలుపులందును తరతమములు కలవను జ్ఞానోదయమైనవానికి ఇక ఈ జన్మమున శాంతి యెక్కడిది? “చైను కూడా పంపమంటారా?” అని మేస్త్రీ అడుగగా, ఆయన వెంటనే ఔననలేదు, దూరము ఆలోచించెను. చైను కొత్తదైనచో దాని లాకు పాతబడును. లాకు కొత్తదైనచో కీ వెలవెలబోవును. కీకి పూత వేయించినచో డయలు నలుపు ఎట్లుండునో ఎవరు చెప్పగలరు? పదవీవిరమణానంతరము ప్రొద్దుపుచ్చుట ఎట్లాయను చింత ఆయనకు ఆనాటితో తీరిపోయినది.