వారాంత పద్యానికి భానూరు టీక

పటాన్‌చెరు నుంచి శంకర్‌పల్లి వైపు పోతుంటే భానూరులో రోడ్డు పక్కన ఒక పంక్చర్ షాపు ఉంది. దాని లోపలి గోడ మీద, బాకీల లెక్కకూ గాలి రేటుకూ నడుమ, సుద్దముక్కతో రాసిన ఆటవెలది ఒకటి మా కంట పడింది. కవి పేరు లేదు. షాపాయనను అడిగితే "ఎవరో కంపెనీ పోరడు సారూ. ట్యూబు అతికేదాంక ఊకె కూసోలేక రాసిండు" అన్నాడు.

మల్లినాథ సూరి మా పాత మెదక్ జిల్లా వాడే. ఊరు కొల్చారం. కాళిదాసు కావ్యాలను ఈనాటికీ ఆయన వ్యాఖ్య పక్కన పెట్టుకునే చదువుతారు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. అదే జిల్లాలో కలం పట్టిన మాకు ఆ ఒట్టులో మొదటి సగం కష్టం, రెండో సగం అసాధ్యం. అయినా ఇంత మంచి పద్యాన్ని టీక లేకుండా బాకీల మధ్య వదిలేయడం ధర్మం కాదు.

మూలము

శుక్రవారమందు జోరుగా నురికెను
శనిని గోడ గీచె చాలు ననుచు
ఆదివారమాయె నందరి వెనకాల
అయిన మరల వచ్చు నతడె చూడు

ప్రతిపదార్థము

శుక్రవారమందు = కార్ల పోటీకి ముందు ప్రాక్టీసు నాడు; జోరుగాన్ = కొత్త టైర్లు ఇచ్చిన ధీమాతో; ఉరికెను = పరుగెత్తెను; శనిని = క్వాలిఫయింగ్ నాడు, లేదా ఏలినాటి శని వలన; గోడన్ = ట్రాకు చుట్టూ కట్టిన గోడను; గీచెన్ = రాసుకుంటూ పోయెను; చాలున్ అనుచున్ = ఇక చాలు అంటూ; ఆదివారము ఆయెన్ = అసలు పోటీ రోజు వచ్చెను; అందరి వెనకాల = చిట్టచివరి వరుసలో; అయినన్ = ఇంత జరిగినా; మరల = తిరిగి; వచ్చున్ = వచ్చే వారమూ హాజరగును; అతడె = ఆ మనిషే; చూడు = చూడుము.

వ్యాకరణజ్ఞులు ఇక్కడే చేయెత్తుతారు. "వెనకాల", "అయిన" మధ్య సంధి ఏదీ, విసంధి దోషం కాదా అని. కాదు. అక్కడ పసుపు జెండా ఊపారు. పసుపు జెండా ఉండగా ముందు బండిని వెనక బండి దాటకూడదు, ఎవరి చోటున వాళ్లు నడవాలి. పాదాలకూ అదే నియమం.

నాయక నిర్ణయము

ఈ పద్యంలో నాయకుడెవరు? హుస్సేన్‌సాగర్ గట్టున 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా ఈ పోటీలో నడిపినవాడే అని పూర్వపక్షం. ఆ రోజు గెలిచింది ఫ్రాన్సు డ్రైవర్ జాన్-ఎరిక్ వెర్న్. ఈ వాదం నిలవదు. ఆ పోటీ శనివారం మొదలై శనివారమే అయిపోయింది. పద్యంలో మూడు వారాలున్నాయి. పైగా అవి బ్యాటరీ కార్లు; కవి "జోరు" అన్నప్పుడు అందులో చప్పుడు కూడా ఉందని మా చెవికి తోస్తోంది.

సిద్ధాంతం ఏమంటే, నాయకుడు నరైన్ కార్తికేయన్. కోయంబత్తూరులో తెలుగు మాట్లాడే ఇంటివాడు. 1977 జనవరి 14న, సంక్రాంతి రోజున పుట్టాడు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ ర్యాలీలు గెలిచిన మనిషి. కొడుకు 2005లో జోర్డాన్ జట్టులో చేరి ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడయ్యాడు. అంతవరకు అందరికీ తెలుసు. మన పద్యానికి కావలసింది 2010 మార్చి 27. ఆ రోజు అమెరికాలోని వర్జీనియాలో, మార్టిన్స్‌విల్ స్పీడ్‌వేలో, నాస్కార్ ట్రక్కు సిరీస్ పోటీలో దిగాడు. భారతదేశంలో పుట్టినవాడు నాస్కార్‌లో నడపడం అదే మొదలు.

అదీ శనివారమే కదా అని శంక. నిజమే. కానీ వర్జీనియాలో మధ్యాహ్నం జరిగే పరుగు ముగిసేసరికి భానూరులో అర్ధరాత్రి దాటి ఆదివారం వచ్చేసింది. కవి భానూరు గోడ మీద రాశాడు గనుక భానూరు పంచాంగమే ప్రమాణం.

నాస్కార్ అంటే స్టాక్ కార్ల పోటీలు. స్టాక్ కారు అంటే షోరూములో దొరికే కారు లాంటిదని పేరు. ఇప్పుడు పైరేకుకే ఆ పోలిక. ఈ ఆట పుట్టుక గురించి గౌరవంగా చెప్పేవాళ్లు 1948లో బిల్ ఫ్రాన్స్ నాస్కార్‌ను స్థాపించాడంటారు. ఇంకాస్త వెనక్కి వెళ్తే, కొండప్రాంతాల్లో దొంగసారా మోసే కుర్రాళ్లు పోలీసులకు దొరక్కుండా మామూలు కార్ల ఇంజన్లకు పదును పెట్టుకోవడం కనిపిస్తుంది. మన భాషలో గుడుంబా బండ్లు. జూనియర్ జాన్సన్ అనే మహా డ్రైవరు ఆ సారా కేసులోనే 1956లో జైలుకు వెళ్లాడు. మన దగ్గరా ఆ విద్య ఉంది గాని ఎక్సైజు వాళ్లు దానికి కప్పులు ఇవ్వలేదు.

ట్రక్కు అన్నారని పాశమైలారం గేట్ల దగ్గర నిలబడే లారీని ఊహించుకోవద్దు. అది పికప్ బండి ఆకారం. వెనక తొట్టి ఉంటుంది, లోడు ఉండదు. బిల్టీ లేదు, హమాలీ లేడు. ఖాళీ బండిని అంత జోరుగా తోలడం ఏ ఓనరూ ఒప్పుకోని పని.

స్థల వర్ణనము

మార్టిన్స్‌విల్ చుట్టుకొలత 0.526 మైలు, అంటే సుమారు 850 మీటర్లు. నాస్కార్ పెద్ద సిరీస్ పాయింట్ల పోటీలు జరిగే ట్రాకుల్లో ఇంత చిన్నది లేదు. 1947లో మట్టి ట్రాకుగా తెరిచారు, 1955లో పైపూత వేశారు. కాగితాలు పట్టి ఉంచే జెమ్‌క్లిప్ ఆకారం: రెండు పొడుగాటి సరళరేఖలు, రెండు ఇరుకు మలుపులు. నేరుగా ఉన్నచోట తారు, మలుపుల్లో కాంక్రీటు. ఒక చుట్టుకు సుమారు 20 సెకన్లు. ఆనాటి పోటీ 250 చుట్లది. లెక్కేస్తే దాదాపు 212 కిలోమీటర్లు తిరిగి, బయల్దేరినచోటికే చేరడం.

ఈ తిరగడం ఎడమవైపుకే. మన ప్రదక్షిణం కుడివైపుగా సాగుతుంది గనుక దీన్ని అప్రదక్షిణం అనాలి. చిలుకూరు బాలాజీ దగ్గర అమెరికా వీసా కోరి 11 చుట్లు తిరుగుతారు, వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి 108. మన నాయకుడు అమెరికాకు వెళ్లి 250 తిప్పాడు, అదీ ఎదురు దిక్కుగా. వీసా అధికారులు దీన్ని ఎలా అన్వయించుకున్నారో తెలిపే గ్రంథం మాకు దొరకలేదు.

చుట్టుకు రెండు మలుపులు, మలుపు మలుపుకూ బ్రేకు గట్టిగా తొక్కాలి. 250 చుట్లకు 500 సార్లు. సాయంత్రం వెలుగు తగ్గాక చక్రం సందులోంచి చూస్తే బ్రేకు డిస్కులు కొలిమిలో ఇనుములా ఎర్రగా కనిపిస్తాయి. శుక్రవారం జోరు చూపినవాడు ఆదివారం వెనకబడడానికి సగం కారణం ఇక్కడే ఉంది. ప్రాక్టీసులో పది చుట్లు ఎవరైనా ఉరుకుతారు. టైరు అరిగి, బ్రేకు వేడెక్కి, బండి మాట వినడం మానేశాక కూడా ఉరికేవాడిదే పోటీ. కవి శుక్రవారాన్ని మొదటి పాదంలోనే పెట్టి వదిలేయడం ఇందుకే. ఈ ఔచిత్యం మాకు నచ్చింది.

టైరు మాట వచ్చింది గనుక మరొక్క విశేషం. సదాశివపేట ఎంఆర్‌ఎఫ్ ఫ్యాక్టరీ మా జిల్లాలోనే ఉంది, కాబట్టి ఈ విషయంలో మాకు కొంత అధికారం ఉందనుకుంటాం. ఓవల్ ట్రాకు బండికి కుడి టైరు చుట్టుకొలత ఎడమ టైరు కన్నా కాస్త ఎక్కువ పెడతారు. బండి తనంతట తానే ఎడమకు వంగుతుంది. ఈ సంగతి పంక్చర్ షాపాయనకు చెప్తే ఆయన చేతిలో లివర్ ఆగిపోయింది. "రెండు దిక్కుల ఒక్క సైజు లేకుంటె మా కాడ గిరాకి కొట్లాటకొస్తడు సారూ. ఆళ్లు పైసలిచ్చి ఏయించుకుంటరా?" అన్నాడు.

"గీచె" పద విచారము

గీచినవాడు డ్రైవరా, గీకినది గోడా? "చాలు ననుచు" అన్నది ఎవరి మాట? నాయకుడు "చాలు" అన్నాడనుకుంటే నాలుగో పాదంలో మరల రావడం పొసగదు. కాబట్టి ఆ మాట గోడది. నా మీదికి ఇంక రావద్దు, చాలు అని గోడ అనగా, విననివాడై గీచెనని అన్వయించుకోవాలి. ఇది మా సొంత అన్వయం. ఇదివరకు ఎవరూ చేయలేదు. చేసే అవసరమూ రాలేదు.

చిన్న ట్రాకు మీద తాకిడి తప్పు కాదు, సంభాషణ. ముందువాడు దారి ఇవ్వకపోతే మలుపులో వెనక బంపరును చిన్నగా నెడతారు. వాడు కాస్త పైకి జారితే లోపలి సందులోంచి దూరిపోతారు. కాస్త ఎక్కువ నెడితే మాత్రం వాడు వచ్చే వారందాకా గుర్తుపెట్టుకుంటాడు. గోడకో పక్క బండికో తగిలితే సొట్టపడిన రేకు లోపలికి ముడుచుకుని టైరును ఒరుస్తుంది, నీలిపొగ లేస్తుంది. రెండు చుట్లు ఊరుకుంటే టైరు తెగుతుంది. పిట్‌లోకి, అంటే బండి సరిచేసే చోటికి, రాగానే ఒకడు ఒట్టి చేతుల్తో ఆ రేకును బయటికి లాగుతాడు, ఇంకొకడు సుత్తితో రెండు దెబ్బలు వేసి టేపు అతికిస్తాడు. మూడోవాడు పొడుగాటి పానా ఒకటి వెనక అద్దంలోని రంధ్రంలోంచి దించి స్ప్రింగు మీది బోల్టును అర చుట్టు తిప్పుతాడు. ఆ అర చుట్టుతో నాలుగు చక్రాల మీద పడే బరువు మారిపోతుంది. వెనక భాగం జారుతున్న బండి తిన్నగా నడుస్తుంది, లేదా తిన్నగా నడుస్తున్నది ముందుకే పోతానని మొండికేస్తుంది. డెంటింగ్ షాపులో వారం పట్టే పంచాయితీ ఇక్కడ సెకన్లలో తేలిపోతుంది. బిల్లు కూడా ఎవరూ అడగరు.

డ్రైవరుకు తన పక్కన ఎవరున్నారో సరిగా కనపడదు. స్టేడియం పైకప్పు మీద నిలబడి ఒకడు రేడియోలో చెప్తూ ఉంటాడు: లోపల ఉన్నాడు, ఇంకా ఉన్నాడు, పోయాడు, దిగు. వాణ్ని స్పాటర్ అంటారు. ఈ కిటుకు భానూరుకు కొత్త కాదు. భారత్ డైనమిక్స్ వాళ్ల భానూరు యూనిట్‌లో ట్యాంకులను కొట్టే క్షిపణులు తయారవుతాయి. వాటిలో కాంకర్స్ రకం గాల్లో పోతూ వెనక సన్నని తీగ వదులుతూ పోతుంది. నేల మీద ఒకడు గురి నుంచి కన్ను తీయకుండా కూర్చుంటే, ఆదేశాలు ఆ తీగ వెంట దానికి అందుతాయి. ఎగిరేదొకటి, చూసేవాడొకడు.

ఇక గోడ. మన నాయకుడి చరిత్రలో గోడ ఒకటి నిజంగానే ఉంది, శనివారం కూడా ఉంది. 2009 జూన్‌లో ఫ్రాన్సులోని లే మాన్ 24 గంటల పోటీకి కోలెస్ జట్టు ఆడీలో ముగ్గురు డ్రైవర్లలో ఒకడుగా వెళ్లాడు. పోటీ శనివారం మొదలవుతుంది. మొదలయ్యే ముందు పిట్ గోడ దూకబోయి పడ్డాడు, భుజం కీలు తప్పింది. మిగతా ఇద్దరూ బండి నడిపారు, ఈయన చూశాడు. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో ఏమీ కానివాడికి నడుమెత్తు గోడ దగ్గర అలా జరిగింది. పద్యంలో శనిని అన్నమాటకు రెండర్థాలు ఊరికే చెప్పలేదు.

"అందరి వెనకాల" తాత్పర్యము

ఈ పదాన్ని అక్షరాలా తీసుకోకూడదు. మార్టిన్స్‌విల్‌లో ఆయన ముగించింది 13వ స్థానంలో. తొలిసారి ఆ బండి ఎక్కి, ఆ ట్రాకు చూసి, రేకుతో రేకు ఒరుసుకునే ఆ గుంపులో పదమూడు అంటే తక్కువేం కాదు. ముందువరస కథలే చెప్పుకునే అలవాటు వల్ల మనకు పదమూడు కనపడదు. నడుమ పరిగెత్తేవాడికి ముందూ పోటీయే, వెనకా పోటీయే. టీవీ కెమెరా మాత్రం ముందువాడి దగ్గరే ఉంటుంది.

వెనకాల ఉండడంలోనూ విచిత్రాలున్నాయి. 2005 జూన్ 19, ఆదివారం, ఇండియానాపొలిస్ ఫార్ములా వన్ పోటీలో మిషెలిన్ టైర్లు నమ్మకం కాదని 14 కార్లు వార్మప్ చుట్టు కాగానే లోపలికి వెళ్లిపోయాయి. మిగిలిన ఆరింటిలో నరైన్‌ది నాలుగో స్థానం. ఐదు పాయింట్లు వచ్చాయి. ఫార్ములా వన్‌లో భారతీయుడికి పాయింట్లు రావడం అదే మొదలు. ముందువాళ్లు పక్కకు పోతే వెనకవాడే ముందువాడు, దానికి వాడు సిగ్గుపడనక్కరలేదు. 2012 మలేషియా పోటీలో నరైన్ బండితో ఒరుసుకున్నాక జర్మన్ డ్రైవరు సెబాస్టియన్ వెటెల్ కోపంలో దోసకాయ అన్న తిట్టు వాడాడు. జర్మనీలో అది తిట్టు కావచ్చు. సంగారెడ్డి సంతలో దానికి కిలో లెక్కన ధర ఉంది.

"అయిన మరల వచ్చు"

పద్యమంతా ఈ మూడు మాటల మీదే నిలబడింది. భానూరులో చదివేవాడికి ఇది కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఇక్కడ తయారయ్యే సరుకు ఒక్కసారి పోతే మరల రాకూడదు, వస్తే ఎంక్వయిరీ వేస్తారు. ఆటలో తద్విరుద్ధం. నాయకుడు ఎన్నోసార్లు మరల వచ్చాడు. భుజం తప్పిన మరుసటి ఏడాదే ట్రక్కు ఎక్కాడు. 2011 అక్టోబర్ 30న గ్రేటర్ నోయిడాలో జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రీలో, గ్రిడ్‌లో వెనక వరుసల్లో ఉండే హెచ్‌ఆర్‌టీ కారులో 17వవాడిగా ముగించాడు. తర్వాత జపాన్ వెళ్లాడు. 2019 నవంబర్ 24, అది ఆదివారమే, ఫూజీలో జపాన్ సూపర్ జీటీ, జర్మనీ డీటీఎం కార్లు కలిసి పరిగెత్తిన పోటీలో హోండా నడిపి మొదటివాడయ్యాడు. అప్పటికి వయసు 42. మూడో పాదంలో "అందరి వెనకాల" అన్న కవికి ఈ ఆదివారం సంగతి తెలియదా, తెలిసీ దాచాడా అన్నది చర్చనీయం. దాచాడనే మా పక్షం. నాలుగో పాదానికి బలం కావాలంటే మూడోది కుంగాలి.

మార్టిన్స్‌విల్‌లో గెలిచినవాడికి 1964 నుంచి నిలువెత్తు గడియారం బహుమతిగా ఇస్తున్నారు. 13వవాడికి అలాంటిదేమీ లేదు. కానీ 2010 చివర ట్రక్కు సిరీస్‌లో అందరికన్నా ఎక్కువ మెచ్చిన డ్రైవరు ఎవరని అభిమానుల చేత ఓట్లు వేయిస్తే నరైన్ గెలిచాడు. ఆ ఓట్లు ఏ దేశం నుంచి ఎక్కువ పడ్డాయో ఊహించగలం గాని, మల్లినాథుడికి భయపడి రాయడం లేదు.

"చూడు" పద వ్యాఖ్య

ఇది విధ్యర్థక క్రియ, మధ్యమపురుష ఏకవచనం. సంబోధన పాఠకుడికి. కవి చూడమన్నాడు గాని ఎక్కడ చూడాలో చెప్పలేదు. కోయంబత్తూరువాడికి కారి స్పీడ్‌వే ఉంది, చెన్నైవాడికి ఇరుంగాట్టుకోట్టై ఉంది. మనకు హుస్సేన్‌సాగర్ గట్టున 2023లో చూపించారు. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మళ్లీ జరగాల్సింది, 2024 జనవరిలోనే రద్దయిందన్నారు. కాబట్టి భానూరు పాఠకులు ఈ క్రియను ప్రస్తుతానికి భవిష్యదర్థంలో అన్వయించుకోవాలి.