అంబాసిడర్ చేత గర్జింపజేసే విధానం

పాత కారు యజమానిగా పేరు పొందగోరే వ్యక్తికి కారు నడవడం కన్నా వినిపించడం ముఖ్యమని ఆ వర్గంలో చాలాకాలంగా స్థిరపడిన అభిప్రాయం. ఫెరారీ, జాగ్వార్ వంటి వాహనాల యజమానులకు ఈ విషయంలో శిక్షణ అవసరం లేదు, ఎందుకంటే ఆ శబ్దం వారు కారుతోపాటే కొనుక్కున్నారు. ఉత్తరపారా కర్మాగారంలో తయారై, కలెక్టర్లనూ మంత్రులనూ వారి గుమాస్తాలనూ దశాబ్దాలపాటు గుట్టుగా మోసి, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ సంగతి వేరు. దానికి గొంతు తెప్పించడం సాధనతో కూడిన పని కనుక, ఆ సాధనకు పూనుకున్న యజమానిని ఇక్కడ సాధకుడు అని వ్యవహరించడం జరుగుతుంది.

సాధకుడు తాను దేనిని పెంచబోతున్నాడో ముందుగా తెలుసుకోవాలి. సిలిండరులో పెట్రోలు మండి, పిస్టన్ కిందికి వచ్చి, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే సమయానికి లోపలి వాయువు పీడనం బయటి గాలి పీడనానికి ఇంకా కొన్ని రెట్లు ఉంటుంది కాబట్టి, ఆ వాయువు ఒక్క ఉదుటున గొట్టంలోకి దూకుతుంది. ఆ దూకుడే శబ్దం. నాలుగు స్ట్రోకుల ఇంజినులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకసారి ఇలా వాయువును వదులుతుంది గనుక, నిమిషానికి 3000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిను నుంచి సెకనుకు 100 దెబ్బలు వెలువడతాయి. ఈ దెబ్బలను గదులలోకీ రంధ్రాలలోకీ తిప్పి, ఒకదానితో ఒకటి ఢీకొనేలా చేసి, నీరసింపజేసే డబ్బానే సైలెన్సర్ అంటారు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు 1897లో ఇటువంటి పరికరానికి పేటెంటు పొందారు. సాధకులు ఆ పేటెంటు దినాన్ని సంగీత చరిత్రలో దుర్దినంగా పాటించడం సముచితం.

తరువాతి మెట్టు వంశావళి. అంబాసిడర్‌లో చిరకాలం కొనసాగిన 1489 సీసీ పెట్రోలు ఇంజిను బ్రిటన్‌లోని బి.ఎం.సి. సంస్థ రూపొందించిన బి-సిరీస్ కుటుంబానికి చెందినది; 1955లో వెలువడిన ఎం.జి.ఎ. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో అమర్చినదీ అదే కుటుంబపు 1489 సీసీ ఇంజినే. ఈ వాస్తవాన్ని సాధకుడు ఎదురైన ప్రతివారికీ చెప్పాలి. ఎం.జి.ఎ.కు జంట కార్బొరేటర్లు ఉన్నాయనీ, దానిని కుటుంబంతో పెళ్ళికి వెళ్ళడానికి గాక కొండదారుల్లో పరుగు తీయడానికి కట్టారనీ చెప్పనక్కర లేదు. ఇంకా లోతుగా మాట్లాడదలచిన వారికి ఈ ఇంజిను హెడ్డులోని ఒక విశేషం ఉపకరిస్తుంది: నాలుగు సిలిండర్లకు బయటికి పోయే దారులు మూడే, ఎందుకంటే నడుమనున్న రెండో, మూడో సిలిండర్లు ఒకే దారిని పంచుకుంటాయి. ఈ ఇంజిన్ల పందెపు ప్రియులు వాడే మ్యానిఫోల్డులో, అంటే ఆ దారులకు తగిలించే గొట్టాల కూర్పులో, ఆ నడిమి గొట్టాన్ని విడిగా చాలా దూరం సాగనిచ్చి ఆ తరువాతే మిగిలిన రెంటితో కలుపుతారు. దీనిని లాంగ్ సెంటర్ బ్రాంచ్ అంటారు. ఎం.జి. కార్ల నుంచి వినబడే పొడి గరగరలో దీనికి తగినంత వాటా ఉంది. శబ్దస్వభావాన్ని ఇంజిను ఎంత నిర్ణయిస్తుందో గొట్టాల పొడవూ కలయికా కూడా అంతే నిర్ణయిస్తాయనడానికి ఇది మంచి నిదర్శనం, కాని ఈ సంగతి గ్రహించిన సాధకుడు కొలతలు, లెక్కలు అంటూ కూర్చుని పనిలో వెనుకబడే ప్రమాదం ఉంది.

అమెరికన్ సినిమాలు చూసిన సాధకుడు వి8 ఇంజిను గుబగుబను కోరుకుంటాడు. ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా ఉండే ఆ ఇంజినులో, మొత్తం మీద దెబ్బలు సమానమైన ఎడంతోనే పడినా, అమెరికన్ కార్లలో సర్వసాధారణమైన క్రాంక్ అమరిక వల్ల ఒక్కొక్క వరుసలో మాత్రం ఎడం హెచ్చుతగ్గులవుతుంది. ఒక్కో వరుసకు ఒక్కో గొట్టం ఉన్నప్పుడు ఆ హెచ్చుతగ్గులే బయట గుబగుబగా వినిపిస్తాయి. నాలుగు సిలిండర్లకు ఇది సహజంగా అబ్బదు. అయితే ఒక స్పార్క్ ప్లగ్గు వైరు ఊడబెరికితే నాలుగు దెబ్బల్లో ఒకటి లోపించి దాదాపు అటువంటి తడబాటే లభిస్తుంది. మెకానిక్కులు దీనిని మిస్సింగ్ అంటారు. సాధకుడు లయభేదం అనాలి. మండని పెట్రోలు సైలెన్సర్‌లోకి చేరి అక్కడ తీరిగ్గా పేలుతుంది కనుక తాళం కూడా ఉచితంగా లభిస్తుంది.

ఖర్చు పెట్టలేని వారికి శాస్త్రసమ్మతమైన మరొక మార్గం ఉంది, దానికి కావలసినది ఓపిక మాత్రమే. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. దూరప్రయాణంలో అది ఆవిరిగా వెళ్ళిపోతుంది గాని, గొట్టం వేడెక్కక ముందే ఇంజిను ఆపేస్తే సైలెన్సర్ లోపలే చల్లబడి నీరై, దహనంలో పుట్టిన ఆమ్లాలతో కలిసి రేకును లోపలి నుంచి తింటుంది. కాబట్టి కారును ఆదివారం ఉదయం వీధి చివరి హోటలు దాకా తీసుకువెళ్ళి, ఒక కాఫీ తాగి, తిరిగి తెచ్చి గుడ్డ కప్పి ఉంచాలి. కొన్ని సంవత్సరాలు నిష్ఠగా ఇలా చేస్తే, పైకి నల్లరంగు నిగనిగలాడుతూ ఉండగానే, డబ్బా అడుగున బూడిదగుమ్మడి కాయకు పట్టిన పుచ్చు వంటి మెత్తదనం ఏర్పడుతుంది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే గోధుమరంగు పొట్టు రాలుతుంది, ఆ తరువాత వచ్చే స్పీడు బ్రేకరు మిగిలిన పని పూర్తి చేస్తుంది. మహార్ఘమైన గొట్టాలు అమర్చుకున్నవారు ఈ ధ్వనిని గుర్తించి ఏ కంపెనీదని అడిగితే, కాలం అని చెప్పడం గంభీరంగా ఉంటుంది.

ఆరంభకులకు మ్యానిఫోల్డు ప్యాకింగు చాలు. ఇంజినుకూ మ్యానిఫోల్డుకూ నడుమ ఇరికించే ఈ పలుచని అడ్డు ఎక్కడైనా కాలిపోతే, చల్లని ఇంజిను స్టార్టు చేసినప్పుడు చిట్ చిట్ మని వినిపించి, ఇనుము వేడెక్కి వ్యాకోచించగానే ఆ సందు మూసుకుని శబ్దం మాయమవుతుంది. షెడ్డుకు చేరేసరికి జబ్బు కనిపించదు గనుక, మెకానిక్కు ట్యాపెట్లు సరిచేసి డబ్బు తీసుకుంటాడు. ఇటువంటి సందుల గుండా బయటి గాలి లోపలికి చేరినప్పుడు, యాక్సిలరేటరు వదలగానే గొట్టంలోని మిగులు పెట్రోలు దానితో కలిసి ఢబ్బుమంటుంది, దారిన పోయేవారు మెచ్చుకోలుగా తిరిగి చూస్తారు. నిజానికి వారు టైరు పేలిందని చూస్తారు.

తీవ్రసాధకుడు సైలెన్సర్ ఉన్న చోట కోసి, వెల్డింగు షాపులో తిన్నని లావు గొట్టం అతికిస్తాడు. దీనివల్ల బలం పెరుగుతుందని వెల్డరు, ఇంజినుకు కొంత వెనుక ఒత్తిడి ఉండాలి కనుక బలం తగ్గుతుందని పక్కనున్నవారు వాదిస్తారు. ఇద్దరినీ సమానంగా గౌరవించాలి, ఎందుకంటే వారిరువురూ పొరబడ్డారు. ఇంజినుకు వెనుక ఒత్తిడితో ప్రయోజనం లేదు. ముందుపోయిన వాయువు వేగంగా వెళుతూ తన వెనుక ఏర్పరచే చూషణమే తరువాతి దెబ్బను సునాయాసంగా లాగుతుంది, గొట్టం మరీ లావైతే ఆ వేగం మందగించి, తక్కువ చుట్లలో లాగుడు తగ్గుతుంది. ఫలితంగా కారు ఫ్లైఓవరును మునుపటికన్నా ఎక్కువ శబ్దంతో, మునుపటికన్నా నెమ్మదిగా ఎక్కుతుంది, కనుక శ్రోతలకు తగిన వ్యవధి లభిస్తుంది. గొట్టం కారు వెనుక ఉంటుంది, సాధకుడు ముందు కూర్చుంటాడు. అతనికి దక్కేది గేర్ల మూలుగు, తలుపుల కటకట, ఒక వేగం దగ్గర మాత్రం నేలరేకు మొత్తం అదిరి పళ్ళు జిల్లుమనిపించే హోరు. అసలు గర్జన వెనుక వచ్చే స్కూటరిస్టు సొత్తు. 2011లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. ఎం5 తన ఇంజిను శబ్దాన్ని స్పీకర్ల ద్వారా కారులోనే వినిపించి ఈ అన్యాయాన్ని సరిదిద్దింది. అంబాసిడర్‌లో ఆ పని సెల్‌ఫోను చేయగలదు, కాని అలా చేస్తే గొట్టం కోయించవలసిన అవసరమే ఉండదు గనుక సంప్రదాయవాదులు ఒప్పుకోరు.

చట్టం విషయంలో ఈ శాస్త్రం మొహమాటపడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 120వ నియమం ప్రతి వాహనానికీ సైలెన్సర్ ఉండాలంటుంది. శబ్ద కాలుష్య ప్రమాణాలను మీరి వాహనం నడిపితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు, పైగా మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత. తెలుగు నగరాల్లో పోలీసులు బుల్లెట్ల సైలెన్సర్లను ఊడదీసి, రోడ్డు మీద వరుసగా పేర్చి, విలేకరుల సమక్షంలో రోడ్డు రోలరుతో తొక్కించిన సందర్భాలు ఉన్నాయి. అంబాసిడర్ గొట్టం పొడవు కనుక ఆ వరుసలో ప్రత్యేకంగా కనిపించే అవకాశం ఉంది. లైసెన్సు లేని ఆ మూడు నెలలు సాధకుడు కారును ఇంటి షెడ్డులో న్యూట్రల్‌లో ఉంచి అభ్యాసం కొనసాగించవచ్చు గాని, తలుపులు బార్లా తెరిచి, కారును పూర్తిగా బయటికి తోసిన తరువాతే మొదలుపెట్టాలి. పైన చెప్పిన సందులన్నిటి గుండా వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, దానికి శబ్దం చేర్చే ఉపాయం ఏ వెల్డింగు షాపులోనూ దొరకదు.