గగనదూర పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

సూరతూరు నుండి శూన్యమార్గమునందు
భాగ్యనగరి చేరు బాట కొలత
ఏడు వందలపయి నేబది లోపల
గంట మీద నరయె గాలిలోన

అవతారిక: సూరతులో ఉంటూ సొంతూరికి పోదామనుకున్న ఒక తెలుగువాడికి, విమాన టికెట్లమ్మే ఫోను తెర చెప్పిన మాట ఇది. విషయం తెరది, ఛందస్సు మాది. దోషాలుంటే తెరవి.

ప్రతిపదార్థం

సూరతూరు నుండి = సూరతు అనే ఊరి నుంచి. సూరతు + ఊరు, ఉత్వసంధి. ఇక్కడ ముఖ్యార్థం పొసగదు. 'గంగలో గొల్లపల్లె' అంటే గంగ ఒడ్డున అని గ్రహించినట్టే, సూరతంటే ఊరి చివర మగ్దల్లా విమానాశ్రయమని లక్షణ చేత గ్రహించాలి.

శూన్యమార్గమునందు = ఆకాశంలో. టోల్‌గేటు, టీకొట్టు రెండూ లేనిది కనుక శూన్యం.

భాగ్యనగరి = ఇదీ లక్షణే. శంషాబాదు అని అర్థం.

ఏడు వందలపయి నేబది లోపల = ఏడు వందల యాభైకి కొంచెం లోపు. వేటిలో అన్నది మూలంలో లేదు. 'కిలోమీటర్లు' అని అధ్యాహారం చేసుకోవాలి. ఆ మాట ఈ పాదంలో పట్టలేదు, దించేశాం. చేతిసంచి ఏడు కిలోలు దాటితే విమానంలోనూ ఇదే మర్యాద. పూర్వులు ఇలా దాచలేదు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం ఇదే సూరతు నుంచి బయల్దేరిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, దారి 324 కోసులు, పట్టింది 27 రోజులు అని లెక్కతో సహా రాసిపెట్టాడు.

గంట మీద నరయె = ఒకటిన్నర గంట మాత్రమే. చివరి 'ఎ' అవధారణార్థకం. టికెట్టు ధర అడగనివ్వకుండా చేయడం దాని ప్రయోజనం.

అలంకారం: స్వభావోక్తి అని పైలట్లు, అతిశయోక్తి అని ప్రయాణికులు. సూరతులోని లింబాయత్ నుంచి మగ్దల్లాకు ఆటో, రెండు గంటల ముందే హాజరు, శంషాబాదులో దిగాక జనగామ అవతలి పల్లెకు రెండు బస్సులు. ఇవేవీ కొలతలోకి రాలేదు.

అన్వయం: 'చేరు' అని క్రియ ఉంది, చేరేవాడు లేడు. కర్త లేని వాక్యానికి అన్వయం కుదరదు కనుక వెతికాం. లింబాయత్‌లో పవర్‌లూమ్ మీద పన్నెండు గంటల షిఫ్టు దిగి, తలలో దారాల నూగుతో, సంచిలో అమ్మకో చీరతో, అర్ధరాత్రి స్టేషన్లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడి దొరికాడు.

"ఎప్పుడస్తవు బిడ్డా?" అని ఫోనులో తల్లి.

"బండెక్కుతున్ననే" అని కర్త. గంటల లెక్క ఇద్దరూ ఎత్తలేదు.

తాత్పర్యం: సూరతు నుంచి హైదరాబాదు దగ్గరే.

విశేషం: 'గాలిలోన' అన్న పదం మీద వ్యాఖ్యాతలకు వివాదం ఉంది. విమానంలో కిటికీ తెరుచుకోదు, అక్కడ గాలి ఎక్కడిది? కర్త జనరల్ పెట్టెలో సీటు దొరక్క, తలుపు దగ్గర సంచి మీద కూర్చుని నందుర్బార్, భుసావల్, వార్ధా, బల్లార్షా దాటుకుంటూ వరంగల్లులో దిగేదాకా గాలిలోనే ఉంటాడు. అది పద్దెనిమిది గంటలకు అటూ ఇటూ. కాబట్టి 'గాలిలోన' అన్నదే సాధుపాఠం. 'గంట మీద నర' లేఖకదోషం.